జాకెట్టు హుక్కుల మకరతోరణం

కాఫీమిక్స్ పొట్లాన్ని చింపేటప్పుడు కొంచెం పొడి ఎగిరి ముక్కుకి తగులుతుంది. చక్కెర, పాలపొడి, ఎక్కడో అడుగున కాఫీ కలిసిన ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నా చేయి ఒక్క క్షణం ఆగిపోతుంది. తిన్నగా చింపుతున్నానా, వంకరగా చింపుతున్నానా అని చూసుకుంటాను. తిన్నగా చింపితే లోపలి వెండిరంగు అంతా ఒక్క ముక్కగా చేతికొస్తుంది. వంకరగా చింపితే, "ఏటే పైడీ, కుక్క పీకినట్టు పీకినావు?" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించాలి. రెండేళ్ళుగా ఆ గొంతు లేదు. అయినా నేను పొట్లాన్ని తిన్నగానే చింపి, కడిగి, తుడిచి, ఒక పాత నోటుపుస్తకం మధ్యలో పెడుతున్నాను. దుకాణానికి వచ్చేవాళ్ళు చూసి నాకు మతి చలించిందనుకుంటారు. అనుకుంటే అనుకోనీ.

నాది యాంగోన్‌లో, లత పేటలో, ఫోటోలకీ బొమ్మలకీ ఫ్రేములు కట్టే దుకాణం. పోయిన నెల డో మ్యా అనే టీచరమ్మ ఓ ఇరవై ఫోటోలు ఫ్రేములు కట్టమని తెచ్చింది. డో అంటే బర్మాలో పెద్ద వయసు ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే పిలుపు, మగవాళ్ళయితే ఊ, వయసులో చిన్న ఆడవాళ్ళయితే మ. ఆవిడ పిల్లలకి చిత్రకళ చెబుతుంది. ఆ ఫోటోలు అమెరికాలో మెక్సికో మూలాల వాళ్ళవట. మగవాళ్ళని చికానోలు అంటారు, ఆడవాళ్ళని చికానాలు. ఇంట్లో అల్మారా మీద, వంటింటి మూలలో ఆడవాళ్ళు కట్టుకున్న పూజాపీఠాలు అవి. సీసామూతలు, పగిలిన పళ్ళేల ముక్కలు, కాగితం పూలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు, రేకు నక్షత్రాలు. "వాళ్ళ మగవాళ్ళు ఊళ్ళో గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు, పేరొచ్చింది. ఆడవాళ్ళు ఇంట్లో చేసినదాన్ని కళ అని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఏమీ లేనిచోట ఉన్నదానితోనే ఇంత చేశారు చూడు," అంది డో మ్యా. నేను ఒక ఫోటో చేతిలోకి తీసుకున్నాను. పాలడబ్బా రేకుని ఆకుల్లా కత్తిరించి, అంచులు మేకుతో గుచ్చి, వరసగా పేర్చారు. మా సింహాచలం అత్త చేతిపనే అనిపించింది. ఆ చేసినావిడ ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు, కానీ ఆ అంచులు ఎందుకు అలా గుచ్చిందో తెలుసు. గుచ్చకపోతే రేకు వేలు కోస్తుంది.

సింహాచలం అత్త నాకు చుట్టం కాదు. నదికి అవతల దలాలో మా పక్కిల్లు. మా తాతలలాగే ఆవిడ తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడే. ఆవిడ దలాలోనే పుట్టింది, బర్మా బడిలో నాలుగు తరగతులు చదివింది, ముప్పై ఏళ్ళు నిండకుండా భర్తని పోగొట్టుకుంది. పిల్లలు లేరు. రోజూ పొద్దున్నే ఫెర్రీ ఎక్కి నది దాటి, లతలో ఒక పాత మేడ మెట్ల కింద కుట్టుమిషన్ పెట్టుకుని సాయంత్రం దాకా కుట్టేది. బర్మా ఆడవాళ్ళ రవికలు, మనవాళ్ళ జాకెట్లు, లుంగీలకి అంచులు, ఏదొస్తే అది. మాటకి మాట జవాబిచ్చే మనిషి. మెచ్చుకోవడంలో పరమ పిసినారి. నా సన్నకత్తెర తీసుకుంటే తిరిగి ఇచ్చేది కాదు, అడిగితే "ఏ కత్తెర?" అనేది. ఆవిడ పోయాక పెట్టె తెరిస్తే మూడు సన్నకత్తెరలు దొరికాయి, మూడూ నావే. ఆరోజు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పద్నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను కుట్టు నేర్చుకొమ్మని ఆవిడ దగ్గరికి పంపింది. కుట్టు నాకు అబ్బలేదు. ఒకరోజు ఎదుటి టీ దుకాణంవాళ్ళు పారేసిన చిక్కటిపాల డబ్బా ఒకటి ఎత్తి నా ముందు పెట్టింది.

"ఇదేటి?"

"డబ్బా."

పైనా కిందా మూతలు కోసేసి, నిలువునా కత్తిరించి, విప్పి, మెట్టు మీద పరిచి, సీసాతో అప్పడంలా ఒత్తింది. "ఇప్పుడేటి?"

"రేకు."

"ఇందాకా రేకే. నీకు అగుపడనేదు, అంతే."

అప్పటికి నాకు అర్థమైంది ఏమీ లేదు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "దానికి పనీపాటా నేదు," అంది. కానీ రెండో రోజు నుంచి నాకు వీధిలో డబ్బాలు కనిపించడం మానేశాయి, రేకులు కనిపించడం మొదలైంది. మెట్ల కింద ఆవిడ పెట్టుకున్న చిన్న అమ్మవారి పటం చుట్టూ అలాంటివే ఉండేవి: కాఫీ పొట్లాల వెండి పూలు, పగిలిన గాజుల వరస, పాత చేతిగడియారం అద్దాలు. చీకటి మెట్ల కింద చిన్న ప్రమిద వెలిగిస్తే మొత్తం మిలమిల్లాడేది. మేడ ఎక్కేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు, బుద్ధుణ్ణి కొలిచేవాళ్ళు కూడా.

మా గుడిలో ఏటేటా నూకాలమ్మ పండగ చేస్తారు. పండగలో పని పంచుకోవడం తాతల కాలం నుంచి ఒకటే పద్ధతి. ఆడవాళ్ళు కుమ్మరుల ఊరు ట్వంటే నుంచి కుండలు తెచ్చి, పసుపు రాసి, అలంకరించి, ఘటాలుగా నెత్తిన పెట్టుకుని నడుస్తారు. మగవాళ్ళు రథం అలంకరిస్తారు, రథం మీద నిలబడతారు, రథం లాగుతారు. రథం మీద ఆడది కాలు పెట్టకూడదు. ఎవరు పెట్టారు ఈ నియమం అంటే ఎవరికీ తెలియదు. భర్త పోయినావిడ కాబట్టి సింహాచలం అత్తకి ఘటం మోసే వంతు కూడా లేదు. పదిహేను ఘటాలకి పదిహేను రకాల అలంకారం ఆవిడే చేసేది, మిగతావాళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు, ఆవిడ చెప్పులు కాసేది. ఊరేగింపు చివర ఘటాలు నదిలో కలిపేసేవారు. ఆవిడ చేసినది ఒక్కటీ మిగిలేది కాదు.

పదేళ్ళ కిందటి మాట. అమ్మవారి వెనక నిలబెట్టే పాత మకరతోరణానికి చెద పట్టింది. తాతలు ఇండియా నుంచి తెచ్చిన చెక్క తోరణం అది, తియ్యబోతే చేతిలో పొడైపోయింది. కొత్తది విశాఖ నుంచి తెప్పిద్దామంటే పండగలోపు వచ్చే దారి లేదు. సీరియల్ బల్బులతో కానిచ్చేద్దామంటే కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో. గుడి కమిటీ పెద్ద ఊ అప్పన్న స్వయంగా మెట్ల కిందికి వచ్చాడు. మా అప్పన్న మామ చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు, దైవభక్తుడు, తాను చెప్పిందే ధర్మం అనుకునే మనిషి.

"సింహాచలం, గటాలు సేసినట్టే ఒక తోరణం సేసీ. నీ సేతిలో ఏదో ఉన్నాదే తల్లీ," అన్నాడు.

"సేస్తాను బాబూ. ఒక్క మాట. నా సేతితో నానే రతం మీద కట్టుకుంటాను. ఒక్క పాలి. కట్టేసి దిగిపోతాను."

ఊ అప్పన్న నాలుక కరుచుకున్నాడు. "తప్పుకదేటి! నువ్వు సేసి ఇచ్చీ, మా కుర్రోళ్ళు కడతారు. అమ్మోరికి నీ పున్నెం తెలుసు."

ఆవిడ తలూపింది. ఆ సాయంత్రం ఫెర్రీలో మాత్రం రెయిలింగు పట్టుకుని నీళ్ళవైపు చూస్తూ అంది: "ముప్పయ్యేళ్ళ నుంచి సేస్తన్నాను పైడీ. ఏదీ నా సేత్తో అమ్మోరి దగ్గర పెట్టనేదు. ఎవలో ఒకలు నా సేతిలోంచి అందుకుంటారు, ఎల్లిపోతారు. దగ్గరగా నిలబడి ఎలగుందో సూసుకోవాలని ఉంటాది కదేటి?" నేను ఏం చెప్పాలో తెలియక, "పోన్లే అత్తా," అన్నాను. అలాంటప్పుడు పోన్లే అనడం ఎంత సులువో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలు చేసింది. టీ దుకాణం నడిపే మ ఎయే రోజూ డబ్బాలు తీసి ఉంచేది. డబ్బా రేకుల్ని ఆకులుగా కత్తిరించి, లోపలి మెరిసే వైపు ముందుకీ, ఆవుబొమ్మ అచ్చేసిన పైవైపు వెనక్కీ పెట్టి, మందపాటి లుంగీ గుడ్డ మీద కుట్టింది. గుడ్డలో గొట్టాల్లా సందులు కుట్టి వెదురు బద్దలు దూర్చింది, అవి లాగేస్తే తోరణం పక్కబట్టలా మడతపడేది. దలాలో ఇంటి దగ్గర కొంత, లతలో కొంత చేసేది కాబట్టి బుట్టలో పెట్టుకుని ఫెర్రీ ఎక్కాలి, అందుకే ఏడు ముక్కలుగా చేసింది. ముక్కకీ ముక్కకీ మధ్య మేకు లేదు, తీగ లేదు. జాకెట్టు హుక్కులు, దారంతో కుట్టిన కాజాలు. ఒక్కో అతుకుకి ముప్పై పైచిలుకు.

"ఇంత చిన్న హుక్కులెందుకత్తా? పెద్దవి పెడితే గబగబా అయిపోద్ది కదా," అన్నాను.

"సిన్నయ్యితే బైటికి అగుపడవు," అంది, సూది మీదనుంచి కళ్ళెత్తకుండా.

ఇప్పుడు నాదైన ఈ ఫ్రేముల దుకాణంలో అప్పటికి నేను పనికి కుదిరి రెండేళ్ళయింది. రివెట్లు కొట్టే యంత్రం నా చేతికి కొత్తగా వచ్చింది, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కనిపించినదానికల్లా రివెట్ కొడుతున్న రోజులవి. పండగ నాలుగు రోజులుందనగా ఊ అప్పన్న నన్ను పిలిచి, "అమ్మా పైడీ, ఆ హుక్కులు మా కుర్రోళ్ళ వల్ల కాదు. నువ్వు చదువుకున్నదానివి, రివెట్లు కొట్టీ. ఎత్తి నిలబెట్టేలా సేసీ," అన్నాడు. బర్మాలో అనాడే అని ఒక మాట ఉంది. పెద్దవాళ్ళని కాదంటే నొచ్చుకుంటారేమోనని నోరు రాకపోవడం. మా తెలుగులోనూ అదే మాట వాడతాం. నాకు అనాడే అయింది, దానికి తోడు చదువుకున్నదానివి అన్నాడు కదా, కాస్త గాలి కూడా కొట్టినట్టయింది. అత్త మధ్యాహ్నం ఫెర్రీకి వెళ్ళిపోయాక, మెట్ల కింద ఉన్న రెండు ముక్కలు తెచ్చి హుక్కులు కోసేసి పన్నెండు రివెట్లు కొట్టాను. గట్టిగా నిలబడింది. మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రివెట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. తరువాత రేకు కత్తెర తీసుకుని కోయడం మొదలుపెట్టింది. రివెట్‌తో పాటు ఆకులు చిరిగాయి, గుడ్డ చిరిగింది.

"ఊ అప్పన్న మామ అడిగాడత్తా, అనాడే అయిపోయి..."

"అతనికి అనాడే అయినావు. నాకు అవ్వనేదేటి?"

చిరిగిన ఆకుని పక్కన పెట్టి ఇంకో రివెట్ మీదికి కత్తెర పోనిచ్చింది.

"కట్టుకోనియ్యమని అడిగినాను, ఒద్దన్నారు. దెబ్బలాడేదాన్ని కాను. నాకు తెలిసిందేటి? కుట్టు. కుట్టులోనే నాకొక దారి ఎట్టుకున్నాను. దాన్ని నువ్వొచ్చి మూసేసినావు."

అప్పుడు వెలిగింది నాకు. హుక్కులు ఎందుకు, అంత చిన్నవి ఎందుకు, అన్నన్ని ఎందుకు. మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "ఏడుత్తూ కూకుంటే కాజాలు ఎవలు కుడతారు?" అని సూది చేతిలో పెట్టింది. నాకు కుట్టు అబ్బలేదని చెప్పాను కదా, ఆ మూడు రోజుల్లో అబ్బింది.

పండగ రోజు మధ్యాహ్నం ఏడు ముక్కలూ మడతలు విప్పి రథం పక్కన పెట్టింది. ఊ అప్పన్న కొడుకులిద్దరూ, మరో నలుగురూ రథం ఎక్కారు. మూటలు మోసిన వంశాల చేతులు, వేళ్ళు లావు. హుక్కు పట్టుకుంటే కాజా జారిపోయింది, కాజా దొరికితే హుక్కు వెనక్కి తిరిగింది. గంటసేపు చెమటలు కక్కి నిలబెట్టేసరికి తోరణం ఒక పక్కకి ఒరిగి, మధ్యలో పొట్ట కూడా వచ్చింది. కింద ఘటాలతో నిలబడ్డ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"ఒరే బాబూ, ఏనాడైనా పెళ్ళాం జాకెట్టుకి ఒక్క హుక్కు ఎట్టినావేట్రా? ఎట్టుంటే తెలిసేది!" అంది మా పిన్ని.

"ఎట్టడమెక్కడ, తియ్యడమే తెలుసు," అంది ఇంకొకావిడ. పూజారిగారు వినబడనట్టు నెయ్యి గిన్నె వైపు తిరిగారు.

ముహూర్తం దగ్గర పడింది. పూజారిగారే, "ఆవిణ్ణి పిలవండి, అప్పన్నగారూ," అన్నారు.

"కిందనుండి సెప్పు సింహాచలం, వీళ్ళు సేస్తారు," అన్నాడు ఊ అప్పన్న.

"సెప్తే వచ్చేది కాదు బాబూ. సేతి ఏళ్ళకి తెలవాల," అంది అత్త. గొంతులో వెటకారం లేదు, బతిమాలడమూ లేదు. జాకెట్టు కొలతలు చెప్పినట్టు చెప్పింది.

ఊ అప్పన్న అమ్మవారి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, చివరికి పూజారిగారి వైపు చూశాడు. ఆయన తలూపాడు. అత్త చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కుచ్చెళ్ళు దోపుకుని రథం ఎక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నువ్వూ రావే. నోపలి వరసకి సన్న ఏళ్ళు కావాల." నేను కొట్టిన రివెట్లని ఆవిడ క్షమించిందని ఆ ఒక్క మాటతో తెలిసింది. ఇద్దరం పావుగంటలో అన్నీ పెట్టేశాం. తోరణం నిటారుగా నిలబడింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, అమ్మవారినీ తోరణాన్నీ కలిపి చూసింది. ఎడమ పక్క ఆకు ఒకటి సరిచేసింది, అంతే.

"ఇంక దిగండమ్మా," అన్నాడు ఊ అప్పన్న.

"దిగుతాను. ఊరేగింపులో హుక్కు ఊడితే ఎవలు ఎడతారు బాబూ?"

రథం కదిలింది, మేం దిగలేదు. లత వీధుల్లోకి వచ్చేసరికి పొద్దుగూకింది. అనుకున్నట్టే కరెంటు పోయింది. నూనె దీపాలు తప్ప వేరే వెలుతురు లేని ఆ వీధిలో వందల రేకు ఆకులు ఒక్కసారి అంటుకున్నట్టు వెలిగాయి. మేడల మీద జనం కిటికీలు తెరిచారు. రథం వెనక నడుస్తున్న మ ఎయేకి గుడ్డ అంచు దాటిన ఆకుల వెనకవైపు ఆవుబొమ్మలు కనిపించి, "అవి మా దుకాణం డబ్బాలు! మా డబ్బాలే!" అని బర్మీస్‌లో వీధి మారుమోగేలా అరిచింది. అత్త ఆ ఒక్కసారే నవ్వింది. ఆవిడ పైపళ్ళలో ఒకటి లేదని నాకు ఆరోజే తెలిసింది.

తరువాత ఏడు పండగలు రథం మీద ఊరేగింది. నియమం ఎవరూ మార్చలేదు. కమిటీ పుస్తకంలో ఇప్పటికీ ఆడవాళ్ళు రథం ఎక్కరాదనే ఉంది. హుక్కులు పెట్టడానికి మాత్రం ఎక్కుతారు. ఆవిడ పోయాక నేను ఎక్కుతున్నాను, నాతో మరో ఇద్దరు. డో మ్యా, "ఉన్నదానితోనే చేశారు" అంటే నాకు అందుకే కాస్త చురుక్కుమంది. మా అత్తని అందరూ అలాగే మెచ్చుకునేవారు, పాపం డబ్బాలతో ఎంత బాగా చేసిందో అని. డబ్బాలు ఎవరైనా ఏరతారు. తనకి కావలసింది ఏమిటో మరిచిపోకుండా, దాన్ని కుట్టులో పెట్టి దాచింది ఆవిడ. ఆ ఫోటోల్లో ఆడవాళ్ళు కూడా రేకుల మధ్య ఎక్కడో ఏదో దాచుకునే ఉంటారని డో మ్యాతో అన్నాను. ఆవిడ చాలాసేపు ఫోటోలు తిప్పి తిప్పి చూసింది.

పోయిన వారం ఊ అప్పన్న దుకాణానికి వచ్చాడు. ముసలివాడైపోయాడు, చేతికర్ర పట్టుకున్నాడు. "పైడీ, తోరణం హుక్కులు తుప్పట్టిపోయాయమ్మా. ఎన్నాళ్ళీ తిప్పలు? నీకు ఆడపిల్లల్ని కూడగట్టడం కూడా శ్రమే. రివెట్లు కొట్టీ, ఒక్కపాలితో అయిపోద్ది," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు అనాడే అయింది. ఆయనకి కాదు, అత్తకి.

"తోరణం పంపించు మామా, నేను బాగుచేస్తాను," అన్నాను.

పంపించాడు. తుప్పు హుక్కులన్నీ విప్పేశాను. మా వీధి ఆడపిల్లలు నలుగురిని కూర్చోబెట్టి కాజాలు కుట్టడం నేర్పుతున్నాను. కొత్త హుక్కులు కూడా కొన్నాను, ఈసారి ఇంకో సైజు చిన్నవి.